డబ్బా మీద పేరు రాయండి

పంచదార డబ్బాకీ, ఉప్పు డబ్బాకీ పేర్లు రాయకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కంప్యూటర్లో నేను సరిగ్గా ఆ పొరపాటే చేశానండీ!

మా పొదుపు సంఘం లెక్కలు నేనే చూస్తాను. చదివింది ఇంటరే అయినా, మా అబ్బాయి దగ్గర కాస్త పైథాన్ నేర్చుకుని, వడ్డీ కట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. త్వరగా నడవాలని లెక్కంతా ఒక్క వరుసలో ఇరికించాను. పేర్లేమో ఎ, బి, సి. ఎంత మురిసిపోయానో!

ఆరు నెలలకి ఒకావిడ, "నాకు వడ్డీ ఎక్కువెందుకు పడింది?" అని నలుగురిలో నిలదీసింది. తెరిచి చూస్తే నేను రాసింది నాకే అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. రాత్రి రెండింటికి తేలింది, ఆవిడ మధ్యలో కట్టిన అసలు తగ్గించకుండానే వడ్డీ వేస్తోందని!

డబ్బు తిరిగిచ్చేసి, మళ్ళీ విడమర్చి రాశాను. పైథాన్ 3లో 'అసలు', 'వడ్డీ' అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. హాష్ గుర్తు తర్వాత రాసిన మాటల్ని కంప్యూటర్ వదిలేస్తుంది, అవి మనకోసమే.

పెర్ఫ్ కౌంటర్ అనే గడియారంతో మొదట్లో, చివర్లో సమయం చూసి తీసివేశాను. పాతదీ, కొత్తదీ రెండూ రెప్పపాటులోపే! ఆ కాస్త ఆదాకి నేను పోగొట్టుకున్నది ఒక రాత్రి నిద్ర, ఒక మనిషి నమ్మకం.

అందుకే, ముందు అర్థమయ్యేలా రాయండి. నిజంగా ఆలస్యమవుతుంటే కొలిచి చూసి, అప్పుడు కుదించండి.

ఇప్పుడు మా మీటింగులో లెక్క పైకి చదివేది ఎవరనుకున్నారు? ఆవిడే!