ఖామోష్‌గా ఉన్న ఫీడ్

ఫజర్ నమాజ్ చదివి చాయ్ ముందు కూర్చున్నానంటే, మొదట తెరిచేది ఫీడ్ రీడరే. నాలుగు ఉర్దూ సైట్లు, కొన్ని పేపర్లు, తెలుగు బ్లాగులు... ఎవరు కొత్తగా ఏం రాసినా ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో నా దగ్గరికే వస్తుంది. ఒక్కో సైటు తలుపూ తట్టక్కర్లేదు. ఏది చూపాలో ఏది దాచాలో మధ్యలో ఇంకెవరూ ఫైసలా చెయ్యరు.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది. అంతకుముందే నా జాబితాని ఓపీఎంఎల్ ఫైలుగా దించుకున్నాను. ఆ ఒక్క ఫైలు ఇస్తే చాలు, వేరే రీడర్‌లోకి అన్నీ వచ్చేస్తాయి. గలతీ నాదే. కొత్తదాంట్లో సఫాయి చేద్దామని, రెండేళ్లుగా ఏమీ రాయనివాళ్లని తీసేశాను. అందులో సౌదీలో ఉండే నా దోస్త్ బ్లాగు కూడా పోయింది. మేం ఊరు మారాక మా ఇద్దరి మధ్యా మిగిలింది ఆ బ్లాగే.

మొన్న రంజాన్‌లో యాదికొచ్చి తెరిచి చూశాను. నేను చదవని పోస్టులు మూడున్నాయి. ఒకటి వాళ్ల అమ్మీ ఇంతెఖాల్ గురించి. ఛుట్టీ దొరక్క జనాజాకి రాలేకపోయాడట. అమ్మీ మగ్ఫిరత్ కోసం దువా చెయ్యండని అడిగాడు. తేదీ చూస్తే నాలుగేళ్ల కిందటిది. ఆమె చేతి షీర్ ఖుర్మా ఎన్ని ఈద్‌లకి తాగానో!

దువా చేశాను. పోస్టు కింద సలాం రాసి నా నంబరిచ్చాను. రోజుకి ముప్పై ఖబర్లు కుమ్మరించే సైటుని తీసేసి, వాడి ఫీడ్ మళ్లీ పెట్టుకున్నాను. పేరు పక్కన ఇంకా సున్నానే ఉంది.