రోళ్లు పగిలే ఎండలో పెరటి కాపు

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. అయినా పొద్దున్నే పెరట్లోకి వెళితే బెండ మొక్కలు నిండా కాయలతో పలకరిస్తాయి. మార్చిలో వేసిన గింజలవి. 50 రోజులకే కాపుకొచ్చి ఇంకా కాస్తూనే ఉన్నాయి. రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఏమరుపాటున వదిలేస్తే కాయ ముదిరి పీచు తేలుతుంది, మొక్క పూత తగ్గించేస్తుంది. కోసేకొద్దీ కాస్తుంది. ఇవ్వడమంటే ఏమిటో నాకు బెండ మొక్కే నేర్పింది.

టమాటా పూత వేడికి రాలిపోయింది. 40 డిగ్రీలు దానికి పడవు. గోరుచిక్కుడు మాత్రం ఆ ఎండలోనే గుత్తులు గుత్తులుగా కాస్తోంది. ఆనపపాదు సాయంత్రం తెల్లగా పూస్తుంది. అప్పుడు మగపువ్వు తెంపి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లగా అద్దుతాను. రెండు మూడు రోజుల్లో పిందె ఊరితే, ఆ ఆనందం ఏ సంతలోనూ దొరకదు.

కోసినవాటిలో సగం ఇరుగుపొరుగుకే. పాదుకు ఒక్క మంచి కాయను మాత్రం కోయను. అది ఎండి, లోపల గింజలు గలగలలాడేదాకా ఆగుతాను. మీరూ ఈ వేసవిలో ఒక కాయను విత్తనానికి వదలండి. వచ్చే ఏటి పంట అందులోనే ఉంది.