వదులు చెయ్యి

"ఇంట్లో ఒక్కరే కూర్చుని ఏం చేస్తారత్తయ్యా, మీకు అల్లిక వచ్చుగా" అని మా కోడలు నన్ను ఓ గురువారం అల్లికల బృందం కలిసే గదిలో దిగబెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయింది. నాకు వచ్చింది లేసు. దానికి ఒకటే సూది, చివర కొక్కెం. అక్కడేమో అందరి చేతుల్లో రెండేసి సూదులు. ఆ తేడా తనకి తెలీదు, నేనూ చెప్పలేదు. ఏ ఏడాదన్నది సరిగ్గా గుర్తులేదు, కోవిడ్‌కి ముందే. మెల్‌బోర్న్ శివార్లలో డాండినాంగ్. ఆషాఢమాసం. మన దగ్గర నారుమళ్ళ వేళ, అక్కడ పళ్ళు టకటకలాడే చలి. తలుపు తియ్యగానే తడిసిన ఊలు కోట్లు హీటరు వేడికి ఆరుతున్న వాసన, దాని వెనకే ఎవరి ఫ్లాస్కులోంచో యాలకుల టీ.

అందరం అరవై దాటినవాళ్ళం. ఇంగ్లీషు చాలామందికి అంతంతమాత్రం. అందుకని మొహాల కంటే చేతులే ఎక్కువ చూసుకునేవాళ్ళం. మా అందరికీ పెద్దదిక్కయిన ఆస్ట్రేలియా ఆవిడ ఊలు కుడిచేత్తో పట్టుకుని, ప్రతి కుట్టుకీ సూది చుట్టూ విసిరేది. యుద్ధం రోజుల్లో బోస్నియా నుంచి వచ్చేసినావిడ ఎడమ చూపుడువేలికి చుట్టుకుని సూదిమొనతో లాగేసేది. గ్రీకు పెద్దావిడదైతే మరీ విడ్డూరం. ఊలు మెడ వెనకనుంచి తిప్పుకుని బొటనవేలితో ఒక్క తోపు తోసేది. ఈవిడేమిటి జంధ్యంలా వేసుకుంది అనుకున్నాను.

మేం అల్లేవి చదరాలు. 25 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అలాంటివి 28 కలిపి కుడితే ఒక దుప్పటి. సిడ్నీలో సోనియా గిట్టిన్స్ అనే ఆవిడ 1992లో మొదలుపెట్టిన ర్యాప్ విత్ లవ్ సంస్థకి పంపితే, వాళ్ళు ఎక్కడెక్కడి దిక్కులేనివాళ్ళకో చేర్చేవారు. ఆ గదిలో కొందరు ఒకప్పుడు అలాంటి దుప్పట్లు కప్పుకున్నవాళ్ళే అయ్యుండొచ్చు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నా చదరం ఎప్పుడూ చిన్నదయ్యేది. అదే ఊలు, అవే 4 మిల్లీమీటర్ల సూదులు, అన్నే కుట్లు, అయినా టేపు పెడితే 22 దాటదు. గ్రీకు ఆవిడ దాన్ని పట్టుకుని గుంజి, "టైట్! టైట్!" అని నా సూదులు లాక్కుని నాలుగున్నరవి చేతిలో పెట్టింది.

బిగువు మా అమ్మ నేర్పిన చేతిది. లేసు వదులుగా ఉంటే, కొనే ఏజెంటు తిప్పి పంపేవాడు. నరసాపురం చుట్టుపక్కల మిషనరీల వాళ్ళు తెచ్చిన ఆ విద్య మొదట క్రైస్తవుల ఇళ్ళలోకి వచ్చి, తర్వాత మా కాపుల ఇళ్ళకీ పాకింది. కూలికి పొలం వెళ్తే పరువు పోతుందనే ఇళ్ళలో, గడప దాటకుండా నాలుగు రూపాయలు. కిరసనాయిలు దీపం దగ్గర కళ్ళు చికిలించుకుని చైను వేస్తున్న అమ్మ గుర్తుంది. ఆవిడ ఎక్కువగా వేసే డిజైనుకి ఒక పేరుండేది, అది పోయింది. ఏజెంటు మొహమూ పోయింది, సైకిలు హాండిలుకి వేలాడే గుడ్డసంచీ మాత్రం మిగిలింది. డబ్బులు మా నాన్న చేతిలో పెట్టేవాడు. నాన్న ఇంటికొచ్చినవాళ్ళతో అనేవారు: "ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుకుంటారండి." వంటా, చాకిరీ అయ్యాక అమ్మ రోజుకి ఆరేడు గంటలు అల్లేది.

పదహారేళ్ళప్పుడు నాన్న మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. కాలేజీ పిల్లననే టెక్కుతో లేసు సూది అటకమీదకి విసిరేసి ఇక ముట్టనన్నాను. అమ్మ ఏమందో గుర్తులేదు. ఏమీ అనలేదనుకుంటా. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1982లో నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద పుస్తకమే వేసిందనీ, మగవాళ్ళు దీన్ని తీరుబడి పనిగానే లెక్కేసేవారని అందులో రాసిందనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి అమ్మ లేదు.

ఆ గదిలో నాతో సమానంగా పరిగెత్తే చేతులు ఇంకో జత ఉండేవి. వియత్నాం ఆవిడవి. పడవమీద వచ్చి, పిల్లల్ని పెంచుతూ, ఇంట్లోనే మిషను పెట్టుకుని చొక్కాలు కుట్టిందట. మధ్యవర్తి వ్యానులో గుడ్డ తెచ్చిపడేసి, కుట్టినవి లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. చొక్కాకి ఎంతిచ్చేవాడని సైగ చేస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గోరంత సందు చూపించి పకపకా నవ్వింది. మేమిద్దరం గోడ గడియారం చూసుకుంటూ అల్లుతుంటే పెద్దదిక్కావిడ, "నిదానం, నిదానం, ఎవరూ తరమట్లేదు" అనేది. చేతులు వింటేగా!

తర్వాత లాక్‌డౌన్లు. ఇంటినుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజుల్లో మావాళ్ళెవరో గుమ్మం ముందు ఊలు సంచీ పెట్టి, కిటికీవైపు చెయ్యి ఊపి వెళ్ళేవారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి పోయినప్పుడు మేమంతా ఇళ్ళలోనే ఉన్నాం. గది మళ్ళీ తెరిచాక బోస్నియా ఆవిడ రాలేదు. యాలకుల టీ తెచ్చే అఫ్గాన్ ఆవిడ వచ్చింది, ఫోను ఒళ్ళో పెట్టుకుని. అది మోగితే చాలు, ఉన్నపళంగా అల్లిక వదిలేసి వరండాలోకి పరుగు. వచ్చేదాకా కుట్లు జారిపోకుండా ఆ సూదులు మాలో ఎవరో ఒకరం పట్టుకునేవాళ్ళం.

గ్రీకు ఆవిడ మునిమనవరాలి బాప్తిస్మానికి తెల్లగుడ్డ చుట్టూ అంచు కావాలంది. కొక్కెం సూది, సన్న దారం కొనుక్కుని కూర్చున్నాను. మొదటి రెండు వరసలు తడబడ్డాయి, ఆ తర్వాత వేళ్ళే చూసుకున్నాయి. బిగువుగానే వచ్చింది, లేసుకి అదే కావాలి. ఆవిడ అందుకోగానే తిరగేసి ముందు వెనకవైపు చూసింది. పని తెలిసినవాళ్ళు అలాగే చూస్తారు. పర్సులోంచి యాభై డాలర్ల నోటు తీసింది. వద్దని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నేను బట్టల ఫ్యాక్టరీలో ముసలిదాన్నయ్యాను. ఊరికే ఎవరూ కుట్టరు" అని నా గుప్పిట్లో కుక్కింది.

తీసుకున్నాను. లేసు డబ్బు నేరుగా నా చేతికి రావడం అదే మొదలు. ఆ సాయంత్రమే స్ప్రింగ్‌వేల్లో వియత్నాం వాళ్ళ కొట్టుకెళ్ళి, ధర చూసి గుండె గుభేలుమన్నా సరే, లేత బెండకాయలు కొన్నాను.

ఇంటికొచ్చి నోటు సంగతి చెబితే మావాడు, "నీకెందుకమ్మా ఆ డబ్బులు, కాలక్షేపానికేగా అల్లుకునేది" అన్నాడు. వాడికి ఆ రాత్రి పప్పే వడ్డించాను. బెండకాయ వేపుడు నేనూ కోడలూ తిన్నాం.