జాగ్వార్ కడుపులో బ్రేకులు

కెనడాలో కార్లు రెండు రకాలు. ఏడాదంతా తిరిగేవి, ఉప్పుకి భయపడి దాక్కునేవి. మన కార్లన్నీ దాదాపు మొదటి రకమే. చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పులో ఆఫీసుకీ, డేకేర్‌కీ, ఇండియన్ స్టోర్‌కీ తిరిగి తిరిగి, కొన్నేళ్లకి అడుగున తుప్పు పట్టిపోతాయి. రెండో రకం కార్లు మన వీధిలోనే ఉన్నా మనకి తెలియదు. గరాజు తలుపు వెనక దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటాయి. వసంతంలో నాలుగు వానలు గట్టిగా కురిసి, ఉప్పంతా కొట్టుకుపోయాక గానీ బయటికి రావు.

అలాంటి కార్లని ఒకేచోట చూడాలని ఉంటే సెప్టెంబరులో ఓ ఆదివారం బ్రాంటీ క్రీక్ ప్రొవిన్షియల్ పార్కుకి వెళ్లండి. టొరంటో ట్రయంఫ్ క్లబ్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా అక్కడ 'బ్రిటిష్ కార్ డే' జరుపుతున్నారు. క్యూ.ఈ.డబ్ల్యూ. మీద పడమరగా పోయి, ఓక్‌విల్ దాటుతుండగా బర్లోక్ డ్రైవ్ దగ్గర దిగితే వచ్చేస్తుంది. అన్నట్టు పిల్లలూ, ఆ పేరులో క్యూ.ఈ. అంటే మీరనుకునే రెండో ఎలిజబెత్ రాణి కాదు, వాళ్లమ్మ. 1939లో భర్త ఆరో జార్జి రాజుతో కలిసి కెనడా వచ్చినప్పుడు ఆ రోడ్డుకి ఆవిడ పేరు పెట్టారు.

పార్కులో పచ్చిక మీద కార్లని కంపెనీల వారీగా వరసలు కట్టి నిలబెడతారు. ఎమ్.జి.లు, ట్రయంఫ్‌లు, మినీలు, లోటస్‌లు. అదృష్టం బాగుంటే ఒక మోరిస్ కూడా కనబడుతుంది. మన అంబాసిడర్ పుట్టిల్లు మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా! కెనడాలో పుట్టిన పిల్లలకి అంబాసిడర్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పులిహోర, పెరుగన్నం పట్టుకెళితే సాయంత్రం దాకా కాలక్షేపం.

జనం ఎక్కువగా గుమిగూడేది మాత్రం జాగ్వార్ ఈ-టైప్ దగ్గర. పొడవాటి ముక్కు, నడుము దగ్గర సన్నదనం. 1961లో జెనీవాలో మొదటిసారి చూపించారు. 1974 దాకా దాదాపు 72 వేలు తయారయ్యాయి. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం వాళ్లు 1996లో ఒకటి తెచ్చి బొమ్మల మధ్య పెట్టుకున్నారు. వచ్చినవాళ్లంతా ముందు నుంచి ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం వెనక్కి వెళ్లి, పచ్చిక మీద మోకాళ్లేసుకుని అడుగుకి చూస్తాను. కారణం ఉంది.

మా పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దగ్గర పడింది. ఆయన గరాజులో 1967 నాటి ఈ-టైప్ ఒకటి, కొన్నేళ్లుగా కదలకుండా ఉంది. కూతురు కాల్గరీ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మెయ్యమంటుంది. ఆయన మోకాళ్లు కారు కిందికి వంగవు, మనసేమో అమ్మడానికి ఒప్పుకోదు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆయన్ని 'తాతా' అని పిలుస్తుంది, అదేదో తన కొత్త పేరనుకుని ఆయన కూడా పలుకుతారు. "సెప్టెంబరులో బ్రాంటీకి నా పక్క సీట్లో నువ్వే" అని ఆయన దానికి మాటిచ్చేశారు. ఆ సంగతి మా ఆవిడ దాకా వచ్చింది. ఆవిడ గరాజులోకి వెళ్లి, కారు వెనక నేల మీద నూనె మరక చూసి, "ఇదేమిటి?" అని అడిగింది. ఆయన దాచకుండా చెప్పారు. అంతే! ఆ బ్రేకుల సంగతి తేలేదాకా పిల్ల ఆ కారెక్కదని తీర్పు వచ్చేసింది.

నూనెకీ బ్రేకులకీ సంబంధం ఏమిటంటారా? అక్కడే ఉంది ఈ కారు సొగసంతా, తలనొప్పంతా.

సైకిల్ బ్రేకు మీకు తెలుసు. రెండు రబ్బరు ముక్కలు చక్రం అంచుని రెండు పక్కల నుంచీ పట్టుకుంటాయి. డిస్క్ బ్రేకూ అంతే, అంచుకి బదులు ఒక ఇనప పళ్లెం ఉంటుంది. జాగ్వార్ వాళ్లు 1953లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది ఈ బ్రేకుల బలంతోనే. మామూలు కార్లలో ఆ పళ్లెం చక్రం లోపల ఉంటుంది. చక్రం ఊడదీస్తే కంటికి కనిపిస్తుంది. ఈ-టైప్ వెనక చక్రాలు ఊడదీసి చూడండి, అక్కడ బ్రేకే ఉండదు! రెండు పళ్లేలూ కారు మధ్యలో, డిఫరెన్షియల్‌కి అటూ ఇటూ అతుక్కుని కూర్చుంటాయి.

ఎందుకిలా చేశారంటే, చక్రంతో పాటు గతుకుల్లో ఎగిరిపడే బరువు ఎంత తక్కువైతే కారు అంత మెత్తగా, పట్టుగా పోతుంది. కాళ్లకి ఇసుక మూటలు కట్టుకుని పరిగెత్తి చూడండి, తేడా తెలుస్తుంది. ఆ మూటలు విప్పి నడుముకి కట్టినట్టన్న మాట. ఇంజనీర్ల ఆలోచన బ్రహ్మాండం. కానీ బ్రేకు వేసినప్పుడల్లా పళ్లెం కాలుతుంది, ఆ వేడి పక్కనే ఉన్న డిఫరెన్షియల్ ఇరుసుకి పాకుతుంది, అక్కడి ఆయిల్ సీలు గట్టిపడి పగులుతుంది. నూనె కారుతుంది. కారి ఎక్కడ పడుతుంది? సరిగ్గా ఆ పళ్లెం మీదే. నూనె పూసిన పళ్లేన్ని బ్రేకు ఏం పట్టుకుంటుంది చెప్పండి! మా ఆవిడ చూసిన మరక అదే.

ప్యాడ్‌లు మాత్రమే అయితే కింద పడుకుని ఎలాగో మార్చొచ్చు. పళ్లేలు, సీళ్లు, చేతి బ్రేకు మార్చాలంటే వెనక భాగమంతా ఒక పంజరంలా కిందికి దించడమే మేలు. డిఫరెన్షియల్, బ్రేకులు, నాలుగు స్ప్రింగులు, అన్నీ ఆ పంజరంలోనే ఉంటాయి. దాన్ని కారుకి పట్టి ఉంచేవి నాలుగు రబ్బరు దిమ్మలు. ఒక గరాజు వాళ్లు వచ్చి చూసి, పైన పైన తుడిచి ప్యాడ్‌లు వేసేస్తాం, ఈ సీజన్ గడిచిపోతుందన్నారు. పెద్దాయన వాళ్లకి కాఫీ ఇచ్చి పంపేశారు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

నేను విజయవాడవాణ్ణి. ఆటోనగర్‌లో బాబాయి షెడ్డులో వేసవి సెలవులన్నీ పానాలు అందిస్తూ గడిపాను. అందుకని ఏప్రిల్ నెలాఖరు నుంచి శనివారాలన్నీ ఆ గరాజుకే. పెద్దాయన కుర్చీలో కూర్చుని మాన్యువల్ చదువుతారు, నేను కింద పడుకుంటాను. ముందు సైలెన్సర్ గొట్టాలు తీశాం. తర్వాత గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు, చేతి బ్రేకు వైరు, బ్రేకు గొట్టం. ఆఖర్న రెండు పక్కలా చక్రాల నుంచి ముందుకొచ్చి బాడీకి బిగిసే పొడవాటి రేడియస్ ఆర్మ్‌లు.

ఆ ఆర్మ్‌ల బోల్టుల దగ్గరే మూడు శనివారాలు పోయాయి. వేసవిలో మాత్రమే తిరిగిన కారైనా, ఎప్పుడో ఏదో ఏప్రిల్లో తగిలిన ఉప్పు చాలు. బోల్టూ, చుట్టూ ఉన్న ఇనుమూ ఒకటైపోయాయి. సుత్తితో కొడితే బాడీ చిరుగుతుంది. రోజూ తుప్పు వదిలే నూనె పోయడం, పావు తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. ఆటోనగర్‌లో మేస్త్రి అనేవాడు, తుప్పుని తొందర పెట్టకూడదు రా, బతిమాలుకోవాలని.

విప్పిన నట్లు, బోల్టులు పెట్టడానికి మా ఇంటి పాత ఇడ్లీ ప్లేట్లు వెళ్లాయి. ఒక్కో గుంటలో ఒక్కో చోటివి. పళ్లేల పక్కన కాగితమంత పల్చటి ఇనప రేకులు ఉంటాయి. పళ్లెం కాలిపర్ నడిమధ్యలో తిరిగేది వాటి లెక్క వల్లనే. ఎడమవి, కుడివి కలిసిపోకుండా మా అమ్మాయి గోళ్ల రంగుతో చుక్కలు పెట్టింది.

ఇక్కడ పిల్లలకొక మాట. పాత బ్రేకుల్లోని దుమ్ముని ఎప్పుడూ ఊదకండి, చీపురుతో ఊడవకండి. ఆ రోజుల్లో ప్యాడ్‌లలో ఆస్బెస్టాస్ కలిపేవారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కేన్సర్ తెస్తుంది. మన క్యుబెక్‌లో ఆ గని చుట్టూ వెలసిన ఊరి పేరే ఆస్బెస్టాస్. కెనడా 2018లో ఆస్బెస్టాస్‌ని నిషేధించింది, ఊరు 2020లో వాల్-డె-సూర్స్ అని పేరు మార్చుకుంది. మేం మాస్కులు పెట్టుకుని, తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని సంచిలో మూతి కట్టాం.

జూన్‌లో పంజరం కిందికి దిగింది. ఒక పళ్లెం నూనెతో నల్లగా మెరుస్తోంది. చేతి బ్రేకుకి మాత్రమే పని చేసే చిన్న కాలిపర్లు పైన ఉంటాయి, కారు కింద నుంచి వేలు కూడా అందని చోట. అవి రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. అంటే ఏటవాలులో ఆపితే ఆ కారుని పట్టుకునేది ఏమీ లేదన్న మాట! రెండు చక్రాలకీ బ్రేకు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం ఒక్కటే. దాన్ని వంచితే పగుళ్లు. ఆ రోజు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

విడిభాగాలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. ఈ కారుకి ఇప్పటికీ దాదాపు అన్నీ దొరుకుతాయి. ఉక్కు గొట్టాల బదులు రాగి-నికెల్ గొట్టాలు వేశాం, వాటికి తుప్పు బెడద లేదు. బ్రేకు ఆయిల్ కొత్తది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక 155 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడల్ నేలకి పోతుంది. మన మామూలు కార్లకీ ఇదే లెక్క, మీదెప్పుడు మార్చారో ఒకసారి చూసుకోండి.

గొట్టాల్లో గాలి తీసే పని మా అమ్మాయిది. అది సీట్లో, నేను కింద. నేను "తొక్కు" అంటే తొక్కాలి, "పట్టు" అంటే పట్టి ఉంచాలి, నేను నిపుల్ బిగించి "వదులు" అంటేనే వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. గంట గడిచేసరికి పెద్దాయనే కుర్చీలోంచి "టొక్కు! పట్టు!" అని అరుస్తున్నారు. బుడగలు ఆగిపోయాయి. పెడల్ రాయిలా గట్టిపడింది.

మొదటి పరీక్ష డ్రైవ్‌వేలో, నడక వేగంతో. తర్వాత ఖాళీ వీధిలో పెద్దాయన ఒక్కరే. కొత్త ప్యాడ్‌లు పళ్లేనికి అలవాటు పడాలి కాబట్టి ఆగస్టంతా మెల్లగా తిరిగారు. ఒకరోజు మా ఆవిడ వచ్చి, కారు కింద తెల్ల అట్టముక్క పెట్టి రాత్రంతా ఉంచమంది. తెల్లారి చూస్తే తెల్లగానే ఉంది. అప్పుడు సరేనంది.

బ్రాంటీకి క్యూ.ఈ.డబ్ల్యూ. మీద వెళ్లలేదు. లేక్‌షోర్ రోడ్డు పట్టుకుని పోర్ట్ క్రెడిట్, ఓక్‌విల్ ఊరిమధ్య, బ్రాంటీ హార్బర్ మీదుగా వెళ్లాం. దారి పొడుగునా సిగ్నళ్లే, సిగ్నల్ సిగ్నల్‌కీ బ్రేకే. వాళ్లిద్దరూ ముందు, మేం మినీవ్యాన్‌లో వెనక. మా ఆవిడ సరస్సు వైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఆ రెండు ఎర్ర లైట్లనే చూస్తూ కూర్చుంది. అవి వెలిగినప్పుడల్లా కారు బుద్ధిగా ఆగింది.

కాల్గరీ అమ్మాయి అమ్మెయ్యమనడం మానేసింది. ఇప్పుడు పెద్దాయన క్లచ్ కొంచెం జారుతోందంటున్నారు. మాన్యువల్ చూశాను. ఆ కారులో క్లచ్ మార్చాలంటే ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి బయటికి తీయాలి. మా ఇడ్లీ ప్లేట్లు ఇంకా వాళ్ల గరాజులోనే ఉన్నాయి.