మేమే వేసి మేమే పడ్డ ఆఫ్‌సైడ్ ట్రాప్

స్కాలర్‌షిప్పుల గురించో నోటిఫికేషన్ల గురించో అనుకొని ఈ పోస్టు తెరిచినవాళ్లు క్షమించాలి. ఇది ఫుట్‌బాల్ గురించి. కొంచెం పెద్దదే, అన్నం తినేసి చదవండి.

మేము ఐదుగురం. జగ్గయ్యపేట, వత్సవాయి వైపు తండాల నుంచి వచ్చి నందిగామలో ఒకే రూమ్‌లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాం. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం మాది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ ఎండలో మాత్రం మార్పేమీ లేదు. మా దగ్గర ఆటంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. ఫుట్‌బాల్ అంటే స్కూల్లో బీరువా వెనక గాలి లేకుండా పడి ఉండే బంతి. మరి మాకీ పిచ్చి ఎట్లా పట్టిందంటే, మిర్చి కల్లం కాపలా వల్ల.

కల్లంలో కాయలు ఎండబోశాక రాత్రిపూట ఎవరో ఒకరు అక్కడే పడుకోవాలి. ఇంట్లో చదువుకునే కుర్రోడు ఉంటే ఆ డ్యూటీ వాడిదే, "ఎట్లాగూ ఫోను చూస్తా మేలుకునే ఉంటావు కదరా" అంటారు. ఐరోపా వాళ్లు రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టే ఆట మనకు వేసవిలో పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు వస్తది. ఆ టైముకి మా తండాల్లో మెలకువగా ఉండేది కుక్కలు, కాపలావాళ్లు, ఛాంపియన్స్ లీగ్. మొదట్లో నిద్ర పట్టకుండా ఉండటానికి చూశాం. తర్వాత ఆట కోసమే కాపలాకి పోయాం. ఇంట్లోవాళ్లు మా బాధ్యత చూసి మురిసిపోయారు.

మాలో ఇద్దరు రియల్ మాడ్రిడ్, ఒకడు బార్సిలోనా, ఒకడు ఆర్సెనల్. ఐదోవాడు మాంచెస్టర్ యునైటెడ్. వాడి గురించి ఎక్కువ చెప్పం, పాపం. 2024-25లో వాళ్ల జట్టు ప్రీమియర్ లీగ్‌లో 15వ స్థానం. 17వ స్థానంలో ఉన్న టాటెన్‌హామ్‌తో యూరోపా లీగ్ ఫైనల్ ఆడి 1-0తో ఓడిపోయింది. సప్లిమెంటరీ రాసేవాళ్లిద్దరూ గోల్డ్ మెడల్ కోసం కొట్టుకున్నట్టు ఉందిరా అంటే మూడు రోజులు మాతో మాట్లాడలేదు.

2024 సెప్టెంబర్ సంగతి. మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీద నీళ్లు పారి, బస్సులు ఆగిపోయి, అప్పటికి రెండు వారాలు దాటింది. రూమ్‌లో ఇంకా బురద వాసనే. ఆ రాత్రి బయర్న్ మ్యూనిక్, క్రొయేషియా నుంచి వచ్చిన డైనమో జాగ్రెబ్ మీద 9-2తో గెలిచింది. హ్యారీ కేన్ ఒక్కడే నాలుగు కొట్టాడు, అందులో మూడు పెనాల్టీలు. మేము పడీ పడీ నవ్వాం. "జాగ్రెబ్ ఏందిరా, జగ్గయ్యపేట బి టీమా?" అన్నాడు ఆర్సెనల్ వాడు. అప్పట్నుంచి మా రూమ్‌లో ఎవరైనా చెత్తగా ఏదన్నా చేస్తే "జాగ్రెబ్ గాడు" అనటం అలవాటైపోయింది. అన్నం మాడబెట్టినా జాగ్రెబే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అక్టోబర్ 26న మాడ్రిడ్‌లో రియల్, బార్సిలోనా మ్యాచ్. ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగి చెప్తాం. బంతి కొట్టే క్షణానికి, అవతలివాళ్ల సగంలో ఉన్న మనవాడు బంతి కన్నా ముందుండి, వాళ్ల చివరి నుంచి రెండో మనిషిని కూడా దాటి ఉంటే ఆఫ్‌సైడ్. చివరి మనిషి మామూలుగా గోల్‌కీపరే కాబట్టి, లెక్కంతా డిఫెండర్లు నిలబడ్డ గీత దగ్గరే తేలుతది. చాలా జట్లు ఆ గీతని తమ గోల్‌కి దగ్గరగా పెట్టుకుంటాయి, భయం కొద్దీ. బార్సిలోనా కోచ్ హాన్సీ ఫ్లిక్ మాత్రం ఆ నలుగురినీ దాదాపు మైదానం మధ్య దాకా తెచ్చి నిలబెట్టాడు. దీన్నే హై లైన్ అంటారు. వెనకంతా ఖాళీ. ఎంబాపె లాంటి పరుగు ఉన్నవాడికి అది పెళ్లి భోజనమే అనుకున్నాం. కానీ రియల్ వాళ్లు ఆ రాత్రి 12 సార్లు ఆఫ్‌సైడ్ అయ్యారు, అందులో ఎంబాపె ఒక్కడే 8 సార్లు. రెండుసార్లు గోల్ కొట్టి పరుగెత్తాడు, రెండూ చెల్లలేదు. బార్సిలోనా 4-0తో గెలిచింది. మా మాడ్రిడ్ వాళ్లిద్దరూ దుప్పటి కప్పుకొని పడుకున్నారు.

తెల్లారేసరికి మేమంతా కోచ్‌లం అయిపోయాం. మాకు పెద్దగా పరుగుల్లేవు, ఎత్తుల్లేవు. హై లైన్‌కి అవేం అక్కర్లేదు, బుద్ధి చాలు. నలుగురూ ఒకేసారి అడుగు ముందుకెయ్యాలి, అంతే అనుకున్నాం.

ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతి మర్నాడు జగ్గయ్యపేట వాళ్లతో మ్యాచ్ పెట్టుకున్నాం. వాళ్లలో సగం మంది సిమెంట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోయేవాళ్లు. ఒక్కొక్కడి పిక్క మా తొడంత ఉంటది. గ్రౌండ్ అంటే పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేను. పక్కనే మిర్చి కల్లం. ఆ కల్లం గురించి మేము ముందే ఆలోచించాల్సింది.

మొదటి పది నిమిషాల్లో బంతి మూడుసార్లు కాయల్లో పడింది. కల్లం తాత కర్ర పట్టుకొని లేచాడు. మా గోల్‌కీపర్ మూడోసారి బంతి తెచ్చాక చెమట తుడుచుకుంటూ కళ్లు నలుపుకున్నాడు. ఆ తర్వాత పావుగంట మా గోల్‌లో ఉన్నది ఏడుస్తున్న మనిషి. అది సాకు అనుకోకండి, మా అసలు జబ్బు వేరే. వాళ్లు బంతి పొడుగ్గా కొట్టినప్పుడల్లా మా నలుగురు డిఫెండర్లూ చక్కగా అడుగు ముందుకేసి, చెయ్యెత్తి, "ఆఫ్‌సైడ్!" అని అరిచారు. టీవీలో చూసినట్టే ఉంది. వాళ్ల ఫార్వర్డ్ మాత్రం ఆగలేదు. ఆగటానికి చెప్పేవాడు లేడు. లైన్స్‌మన్‌గా నిలబెట్టిన కుర్రోడు పాలకోవా తింటున్నాడు. సగం ఆటకే 5-0.

ఆ మ్యాచ్‌ని వీడియో తీసింది మా బార్సిలోనా వాడి చెల్లెలు. ఇంటర్ రెండో ఏడాది, గురుకులంలో చదువు, పండక్కి ఇంటికొచ్చింది. ట్రాక్టర్ ట్రక్కు మీదెక్కి తీసింది కాబట్టి చేనంతా పైనుంచి కనపడింది దానికి. సగం ఆటకి మేము మజ్జిగ తాగుతుంటే వచ్చి అన్నది:

"అన్నా, మీరు వెనక నలుగురూ బాగానే వస్తున్నారు. కానీ బంతి కొట్టేవాడి మీదకి ఒక్కడూ పోవట్లేదు. వాడు తీరిగ్గా తలెత్తి, చూసి కొడుతున్నాడు."

మేము నవ్వాం. "నువ్వు ఫోను కదలకుండా పట్టుకో చాలు" అన్నాం. "నన్ను ఒక పావుగంట ఆడించండి" అంటే, "బంతి కల్లంలో పడితే తెచ్చే పని ఖాళీగా ఉంది" అన్నాడు మాలో ఒకడు. ఎవడన్నాడో రాయటం లేదు, నవ్వింది మేమంతా కాబట్టి. 7-2తో ఓడిపోయాం.

ఆ రాత్రి వీడియో చూశాం. ఏడు గోల్స్‌లో ఐదు అది చెప్పినట్టే పడ్డాయి. హై లైన్‌లో సగం పని వెనకున్న నలుగురిది, మిగతా సగం ముందున్నవాళ్లది. పాస్ కొట్టేవాడికి తలెత్తే టైము ఇవ్వకూడదు. వాడు తొందరలో గుడ్డిగా కొడితేనే గీత పనిచేస్తది. బార్సిలోనాలో రఫీన్యా, పెడ్రీ అట్లా మీదపడతారు. మేము ఎంబాపె చెయ్యి నడుం మీద పెట్టుకున్న సీను వందసార్లు చూశాం గానీ, ఆ పాస్ ఇచ్చినవాడి మీద ఎవరున్నారో ఒక్కసారీ చూడలేదు. అది ట్రక్కు ఎక్కి అరగంటలో చూసింది. ఇదంతా మాకు తెలిసింది, దానికి మాత్రం చెప్పలేదు. చెప్పటానికి మొహం చెల్లలేదు.

మే మొదటి వారం. ఆ ఏడాది మిర్చి రేటు పడిపోయి, అమ్మబుద్ధి కాక ఇంకా కొన్ని కల్లాల్లో కాయలు అట్లాగే ఉన్నాయి. కాపలాలో ఫోను చూస్తుంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డుల వార్త వచ్చింది. 2024-25 ఉత్తమ మహిళా క్రీడాకారిణి: సౌమ్య గుగులోత్. గుగులోత్! ఆ ఇంటిపేరు ఏ మనుషులదో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి. ఫార్వర్డ్. ఆ సీజన్‌లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టు మనిషి. ఎవరీమె, ఎప్పట్నుంచి ఆడుతోంది అని వెతుక్కుంటూ పోతే 2022 వార్త ఒకటి దొరికింది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి సౌమ్య ఐరోపా క్లబ్‌లో చేరింది అని.

ఆ క్లబ్ పేరు డైనమో జాగ్రెబ్.

మేము కాసేపు ఏం మాట్లాడలేదు. యునైటెడ్ వాడే ముందు అన్నాడు, "ఎనిమిది నెలల్నుంచి మనం ఎవరిని తిడుతున్నట్టురా?" నిజానికి ఆ క్లబ్ చరిత్ర తెలిసినా అట్లా తిట్టేవాళ్లం కాదేమో. లూకా మోడ్రిచ్ ఆ క్లబ్ నుంచే 2008లో టాటెన్‌హామ్‌కి పోయాడు. 2021లో అదే టాటెన్‌హామ్‌ని మొరీన్యో కోచ్‌గా ఉన్నప్పుడు 3-0తో కొట్టి యూరోపా లీగ్ నుంచి ఇంటికి పంపింది. కానీ మమ్మల్ని పొడిచింది అది కాదు. ఎంబాపె ఎన్నిసార్లు ఆఫ్‌సైడ్ అయ్యాడో నిద్రలో లేపినా చెప్తాం. మన పిల్ల ఒకతి ఐరోపాలో జెర్సీ వేసుకుంటే మూడేళ్ల దాకా మాకు కబురే తెలియలేదు. కబుర్లో తప్పు లేదు, మేము అటు చూడలేదు.

తర్వాత నాలుగైదు రోజులకే బార్సిలోనా, ఇంటర్ మిలాన్ సెమీస్ రెండో మ్యాచ్. మొదటిది 3-3. ఈసారి బార్సిలోనా వాడి చెల్లెల్ని కూడా లేపాం, వాళ్ల యాడి తిట్టినా. ఇంటర్ 2-0 ముందుకుపోవటం, బార్సిలోనా మూడు కొట్టి 3-2 చేయటం, ఇంక రెండు నిమిషాలుందనగా 37 ఏళ్ల అచెర్బి అనే డిఫెండర్ ముందుకొచ్చి సమం చేయటం, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రాటెసీ గోల్‌తో 4-3. మొత్తం 7-6. చెల్లెలు మొదట్నుంచీ ఒకటే మాట: "వీళ్లు అలిసిపోయారన్నా, ముందున్నవాళ్లు పోవట్లేదు, వెనకవాళ్లు మాత్రం ఇంకా పైనే ఉన్నారు." అచెర్బి గోల్ పడ్డప్పుడు మా వైపు చూసింది. అప్పుడు చెప్పాం, ఫిబ్రవరి వీడియో సంగతి. "నాకు తెలుసు, నేనూ చూశాగా" అన్నది.

మే నెలంతా పొద్దున ఆరింటికే మాతో ఆడింది, ఎండ రాకముందు. కుడివైపు డిఫెండర్. పరుగులో మా ఐదుగురిలో ముగ్గురిని దాటుతది. బంతి తీసుకోవటంలో ఇంకా పచ్చి. తొందరపడతది. అది నేర్పితే వస్తది.

జూన్‌లో వాళ్ల నాన్న మమ్మల్ని ఇంటికి పిలిచి మంచం మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. కోపం లేదు. నెమ్మదిగా అడిగాడు: "నాయనా, ఇంటర్ అయిపోయింది. సంబంధాలు అడుగుతున్నారు. పొద్దున్నే మీతో చేల్లో ఉరుకుతుంటే నలుగురూ నాలుగు అంటున్నారు. మీకూ అక్కచెల్లెళ్లు ఉన్నారు. మీరే చెప్పండి, ఏం చేయమంటారు?"

ఫ్లిక్ తప్పా ఇన్‌జాగీ ఒప్పా అని తెల్లారేదాకా కొట్టుకున్నవాళ్లం, ఒక్కడమూ నోరు తెరవలేదు. సొంత అన్న కూడా టీ గ్లాసులోకే చూస్తున్నాడు. టీ తాగేసి వచ్చేశాం. దీని గురించి రాయాలనే ఈ పోస్టు మొదలుపెట్టాం, మిగతాదంతా ఇక్కడికి రావటానికి ధైర్యం కోసం.

రెండ్రోజులు రూమ్‌లో ఎవరూ మ్యాచ్‌ల మాట ఎత్తలేదు. మూడో రోజు ఐదుగురం మళ్లీ పోయాం. సౌమ్య ఫోటోలు చూపించాం. పెద్దాయన చూసి, ఏ తండా వాళ్లు, తండ్రేం చేస్తాడు అని అడిగాడు, మన పద్ధతిలో. పక్కనున్న బాబాయి ఒకాయన "ఇది మన ఆట కాదులేరా" అంటే, హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందని, వాళ్ల కోచ్ రహీమ్ గారే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి బంగారు పతకం తెచ్చిపెట్టారని చెప్పాం. ఆయనకి అది పట్టలేదు గానీ, "పోలీసు ఉద్యోగం వస్తదా?" అన్నాడు. వాళ్ల యాడి అడిగింది ఒక్కటే: "కాలు విరిగితే ఎవరు చూస్తారు?" దానికి మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ. "మేము తీసుకుపోతాం ఆసుపత్రికి" అన్నాం. ఆమె మా మొహాలు చూసి నవ్వింది, ఒప్పుకుందో లేదో తెలియదు. పెద్దాయన మాత్రం "డిగ్రీలో చేరనీ, పత్తి తీసేదాకా చూద్దాం" అన్నాడు. సంబంధాల మాట అక్కడికి ఆగింది. ఆపేశాడని కాదు, ఆగింది.

జూలై 5న థాయిలాండ్ మీద 2-1తో గెలిచి మన మహిళల జట్టు 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ వార్త పెద్దాయనకి మేము చెప్పేలోపే ఆయన మాకు ఫోన్ చేశాడు.

దసరా సెలవుల్లో జగ్గయ్యపేట వాళ్లతో మళ్లీ మ్యాచ్. వాళ్ల కెప్టెన్ ఫోన్ చేసి, "మీ టీమ్‌లో ఆడపిల్ల ఆడుతుందంట?" అన్నాడు. "ఆడుతది. మీ లైన్స్‌మన్‌కి పాలకోవా ఆట అయిపోయాక పెట్టండి" అన్నాం.

ఈ గ్రూపులో గురుకులాల్లో, కాలేజీల్లో చదివే చెల్లెళ్లలో ఆడాలని ఉన్నవాళ్లుంటే కామెంట్‌లో పేరు పెట్టండి. బూట్లు లేకపోయినా పర్లేదు, మాకూ మూడు జతలే ఉన్నాయి, మార్చుకొని వేసుకుంటున్నాం. ఆఫ్‌సైడ్ రూలు తెలిసి, జెండా పట్టుకోగలిగిన అన్న ఒకరు అర్జెంటుగా కావాలి. మధ్యాహ్నం భోజనం మాది. గ్రౌండ్ ఈసారి కల్లాలకి దూరంగా చూస్తున్నాం.