ఎవరింటికమ్మా?

రేపల్లె ప్యాసింజరు భట్టిప్రోలులో ఆగింది. దిగి, కుచ్చిళ్ళు సర్దుకుని, ఎటు నడవాలా అని చూస్తున్నాను. స్టేషను బయట జామకాయల గంప ముందు కూర్చున్న ఆవిడ తలెత్తి అడిగింది: "ఎవరింటికమ్మా?"

నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ళ కిందటైతే తడుముకోకుండా చెప్పేదాన్ని. మా పిన్ని ఇల్లు ఈ ఊళ్ళోనే ఉండేది. ఇప్పుడు పిన్ని లేదు, బాబాయి అంతకు ముందే పోయాడు. పిల్లల్లో ఒకడు హైదరాబాదులో, ఒకడు అమెరికాలో. ఇల్లు అమ్మేశారు. ఆ ఊళ్ళో నాకు తలుపు తీసేవాళ్ళు ఎవరూ లేరు.

"ఎవరింటికీ కాదమ్మా. ఊరు చూడ్డానికొచ్చా" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "ఊళ్ళో ఏవుందని?" అంది.

ఆ ప్రశ్న నాలుగేళ్ళుగా నా వెంటే ఉంది. మాది తెనాలి. చుట్టూ యాభై అరవై కిలోమీటర్ల మేర నాకు తెలియని ఊరు లేదనుకునేదాన్ని. వేమూరులో మేనత్త, పొన్నూరులో ఆడపడుచు, చీరాలలో నాన్న మేనమామ కొడుకులు, మంగళగిరిలో మా అమ్మ చిన్ననాటి స్నేహితురాలు. ఒక్కో ఊరికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. పురుళ్ళకూ, పెళ్ళిళ్ళకూ, పెద్దకర్మలకూ వెళ్ళాను. రిక్షా దిగితే గుమ్మం, గుమ్మం దాటితే వంటిల్లు. మూడు రోజులుండి వచ్చినా ఆ ఊళ్ళో నాకు తెలిసింది ఆ వంటింటి కిటికీలోంచి కనబడేంతే. మగవాళ్ళయితే సెంటరు దాకా వెళ్ళి ఓ టీ తాగి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళం ఊరికి వెళ్ళేవాళ్ళం కాదు, ఇంటికి వెళ్ళేవాళ్ళం. అందుకే ఆ జామకాయలావిడ "ఎక్కడికమ్మా" అనకుండా "ఎవరింటికమ్మా" అంది.

తర్వాత ఒక్కో ఇల్లూ మూతబడింది. పెద్దవాళ్ళు పోయారు, పిల్లలు వలసపోయారు. మేనత్త పోయాక వేమూరు వెళ్ళడం మానేశాను. ఆవిడ పెద్దకర్మ నాడు తిరిగొస్తూ రైల్లో కూర్చుంటే, మనిషితో పాటు ఆ ఊరు కూడా నాకు పోయిందనిపించింది. ఇలా ఒక్కొక్క ఊరే చేజారుతుంటే, చివరికి నాకు మిగిలేది మా వీధి ఒక్కటే. ఉద్యోగం నుంచి రిటైరయిన ఏడాది దీనికి ఒప్పుకోకూడదనుకున్నాను. మనుషులు లేకపోతే ఊరుంది కదా, ఆ ఊరిని పలకరిద్దామని మొదలుపెట్టాను. ముందు వెళ్ళింది భట్టిప్రోలుకే.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మేం ఆడుకోవడానికి బయల్దేరితే పిన్ని గడపలో నిలబడి, "దిబ్బ వైపు పోకండర్రా, పాములుంటాయి" అని కేకేసేది. ఇక్కడి దిబ్బల్లో ఒకదాన్ని విక్రమార్క కోట దిబ్బ అంటారు. మాకు విక్రమార్కుడంటే బేతాళుడు కూడా ఉంటాడని భయం. మేం భయపడ్డ ఆ ఊరి దిబ్బల్లో ఒకదాన్ని 1892లో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రే తవ్వించాడు. లోపల బౌద్ధ స్తూపం, దాని నడుమ రాతి పేటికలు, వాటిలో స్ఫటిక భరిణె, సన్నటి బంగారు పూలు దొరికాయి. అంతకు ముందే కొన్ని దశాబ్దాల పాటు స్తూపం ఇటుకను రోడ్లకూ, పాలరాయిని కాలువ పనులకూ పట్టుకుపోయారు. మిగిలిన దాంట్లోనే అంత దొరికింది.

ఆ ఉదయం నేను చూసినప్పుడు కంచె లోపల గడ్డి, మధ్యలో గుండ్రంగా ఇటుక కట్టడం. పెద్దగా ఎత్తు లేదు. మొదటిసారి చూసినవాళ్ళు ఇంతేనా అనుకుంటారు. నేను వంగి ఒక ఇటుక మీద చెయ్యి పెట్టాను. రెండు అరచేతులూ పక్కపక్కన పరిచినా ఇటుక ఇంకా మిగిలింది. అంచు దగ్గర, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరిదో వేలు జారిన గాడి ఉంది. నా చూపుడువేలు అందులో సరిగ్గా పట్టింది. వరి పొలాల నల్లమట్టి అది. అప్పుడు కూడా ఇదే మన్ను, ఇదే నీళ్ళు.

పేటికల మీద రాతలు ఉన్నాయి. వాటిని చదివినవాడు బ్యూలర్ అనే పండితుడు. భాష ప్రాకృతం, తెలుగు కాదు. కుబేరకుడనే రాజు పేరుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం రాజు కాదు. ఒక పేటిక మీద ఉన్నది ఓ ఇంటివాళ్ళ సంగతి. కూరుడనే అతని తండ్రి, తల్లి, కూరుడూ, శివుడనే మరొకతనూ కలిసి బుద్ధుడి ధాతువు ఉంచడానికి పెట్టె చేయించారని చెక్కారు. ఇంకో చోట నిగమం అనే సంఘంలోని వాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మన గుళ్ళల్లో ఫ్యాన్ల మీదా, గచ్చు మీద రాళ్ళ మీదా దాతల పేర్లు రాయిస్తాం చూడండి, అలాగే. ఆ వరస తెలిశాక భట్టిప్రోలులో నాకు చుట్టాలు లేరని ఎందుకనుకోవాలి?

ఆ రాతలో ఇంకో వింత ఉంది, అక్షరాలు దిద్దించిన ఎవరికైనా అది ముచ్చటేస్తుంది. అశోకుడి బ్రాహ్మిలో హల్లు రాస్తే అందులో అకారం దానంతటదే ఉంటుంది. ఈ పేటికల మీద అలా కాదు. హల్లుకు అకారం కావాలంటే చిన్న గీత పెట్టాలి. దీర్ఘం కావాలంటే ఆ గీతను కిందికి వంచాలి. ఇరవయ్యేళ్ళు ఒకటో తరగతి పిల్లలకు "క రాసి తలకట్టు పెట్టమ్మా" అని పలక మీద వేలు పెట్టి చూపించినదాన్ని నేను. ఆ గీతకూ మన తలకట్టుకూ చరిత్రకారులు ఏ సంబంధం చెబుతారో వాళ్ళిష్టం. రెండు వేల ఏళ్ళకు పైబడిన ఆ రాయి మీద ఓ ఉలి ఆగి అకారాన్ని విడిగా గుర్తుపెట్టిందంటే, ఆ చెక్కినతని పక్కన నిలబడ్డట్టనిపించింది. ఇన్నేళ్ళూ మా పిన్ని వంటింటికి ఇంత దగ్గర్లో ఇది ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

తిరిగి స్టేషనుకొచ్చేసరికి జామకాయలావిడ ఇంకా అక్కడే ఉంది. ఏం చూశావమ్మా అంటే చెప్పాను. కూరుడి తల్లి మాట చెప్పినప్పుడు ఆవిడ గంప మీద గోనెపట్టా సర్దడం ఆపేసింది. "ఆవిడ పేరు రాయలేదా?" అని అడిగింది. లేదు. కూరుడి తల్లి అని మాత్రమే ఉంది. "అంతేలే" అంది. రెండు కాయలు ఉప్పుకారం అద్ది చేతిలో పెట్టి, డబ్బులు తీసుకోలేదు.

చేబ్రోలు సంగతి ఇంకోలా జరిగింది. గుంటూరులో పనిచేసిన రోజుల్లో పొన్నూరు ఆడపడుచు ఇంటికి వెళ్ళే బస్సు చేబ్రోలు మీదుగానే పోయేది. కిటికీలోంచి గోపురాలు కనబడేవి, చేతులు జోడించేదాన్ని, బస్సు కదిలిపోయేది. కొన్ని వందలసార్లు అలా దణ్ణం పెట్టి దాటిపోయిన ఊళ్ళో మొన్న కార్తీకంలో దిగాను. కోనేటి మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు. శివలింగానికి నాలుగు వైపులా బ్రహ్మ ముఖాలు. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించినది కూడా ఆయనే. మంగళగిరిలో మెడ నొప్పెట్టేదాకా పైకి చూడాలి, ఇక్కడ నీళ్ళ మీదికి వంగి చూడాలి. నాకు ఈ గుడే ఎక్కువ నచ్చింది.

ఆ ఊరి భీమేశ్వరాలయం బాగుచేస్తున్నప్పుడు దొరికిన రాతి స్తంభం మీద శాసనం సంగతి 2019లో పత్రికల్లో వచ్చింది. శాతవాహన రాజు విజయుడి కాలం, క్రీ.శ. 207. దక్షిణాదిలో దొరికిన తొలి సంస్కృత శాసనం అదేనని చెప్పారు. కార్తికుడనే అతను భగవతి శక్తిమాతృకల గుడి దగ్గర ప్రాసాదమూ మండపమూ కట్టించి, విగ్రహం పెట్టించాడని అందులో ఉంది. ఊరి పేరు తాంబ్రాప. గుడి అరుగు మీద వత్తులు చేసుకుంటున్న ఓ ముసలమ్మకి ఈ పేరు చెప్పాను. "తాంబ్రాప, తాంబ్రాప" అని రెండుసార్లు అనుకుని, "మా ఊరికి మొదట్లో అలా పేరు పెట్టారా" అని, కొంగుతో అరుగు దులిపి నన్ను కూర్చోమంది. అప్పటికి నన్ను ఎవరింటికని అడిగి అరగంటయింది. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని వేయించిన శాసనాలు కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాయి. కాకతి గణపతిదేవుడి గజసేనాపతి అయ్యుండీ నాట్యం మీద గ్రంథం రాశాడాయన. ఆడపడుచు కూతురికి కూచిపూడి నేర్పించడానికి మేం పడ్డ అవస్థలు గుర్తొచ్చాయి. ఆ పిల్లను తీసుకుని ఆ దారినే ఎన్నిసార్లు పోయామో.

నేను వెళ్ళే పద్ధతి చెబుతాను. పొద్దున్నే మొదటి రైలో బస్సో. రోజుకి ఒక్క ఊరే. కారు వద్దు. కారులో వెళితే గుడి ముందు దిగి గుడి ముందు ఎక్కుతాం, మధ్యలో ఉన్న ఊరు పోతుంది. ఎవరికీ ముందుగా ఫోన్ చెయ్యను, చేస్తే భోజనం ఏర్పాట్లు మొదలై మళ్ళీ వంటింట్లో తేలతాను. సంక్రాంతి వెళ్ళాక రేపల్లె రైల్లో కూర్చుంటే కోసిన వరి దుబ్బుల మధ్య నుంచి మినుము పచ్చగా లేస్తూ ఉంటుంది. కోతకు ముందే, తడి ఆరకుండా చల్లేస్తారు. ఈ డెల్టాలో పుట్టి పెరిగి, మినప్పప్పు రుబ్బి రుబ్బి చేతులరిగిన నేను ఆ మొక్కను ఇలా నిదానంగా చూసింది ఇప్పుడే.

వేటపాలెం మాత్రం నాన్న కోసం వెళ్ళాను. చీరాలలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో నాన్న సైకిలు మీద వేటపాలెం లైబ్రరీకి పోయేవాడు. ఆ కబుర్లు చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోయేది. ఆయన ఉండగా ఒక్కసారి తీసుకెళ్ళమని అడగలేదు, ఆ బాధ నాకుంది. సారస్వత నికేతనం 1918లో మొదలైంది. ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించాడు. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి పునాదిరాయి వేశారు. విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. మగ్గాలూ జీడిపప్పు బట్టీలూ ఉన్న ఊళ్ళో నూరేళ్ళ పైబడి పుస్తకాలను కాపాడుకుంటూ వచ్చారు. మహానగరాల్లో ఎన్నో లైబ్రరీలకు దక్కని భాగ్యం అది.

పాత ఆంధ్రపత్రిక సంపుటం చూపించమన్నాను. 1921 సంవత్సరానిది. అది తెచ్చినతను బల్ల మీద పెట్టి, కాగితాన్ని వేళ్ళతో కాకుండా అరచెయ్యి కిందికి జొనిపి, నిద్రపోతున్న పిల్లను ఒత్తిగిలించినట్టు తిప్పాడు. అయినా అంచుల నుంచి గోధుమరంగు పొడి బల్ల మీద రాలింది. అతను దాన్ని ఊదెయ్యలేదు. చిన్న కాగితంతో ఒక పక్కకు నెట్టాడు. నేను వెతికింది చీరాల పేరాల వార్తలు. పంచాయతీగా ఉన్న ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరే ఖాళీ చేశారు. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేలకు పైగా మనుషులు ఊరి బయట రామనగరం అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ తట్టుకున్నారు. చీరాలలో నేను తిన్న పెళ్ళిభోజనాలు పది పన్నెండయినా ఉంటాయి. ఆ విస్తరి ముందు కూర్చున్న ముసలివాళ్ళల్లో ఆ పాకల్లో పుట్టినవాళ్ళు ఉండే ఉంటారు. ఒక్కరినైనా అడిగి ఉంటే!

ఆ సాయంత్రం తెనాలిలో దిగి ఇంటికి పోకుండా రణరంగ చౌక్ దగ్గర ఆగాను. క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో పోయిన ఏడుగురి గుర్తు అది. కూరగాయలకు పోతూ వస్తూ రోజూ దాటే చోటు. ఏడు పేర్లూ నిలబడి చదివాను. రెండు స్కూటర్లు హారన్ కొట్టాయి. పక్కకి జరిగి మళ్ళీ చదివాను. మా మనవరాలు వేసవికి వస్తోంది. దానికి ముందు ఈ చౌక్, తర్వాత మా పిన్ని ఊరు, ఆ ఇటుక మీద వేలి గాడి.

ఈలోగా ఘంటసాల చూడాలి. అదీ బౌద్ధ క్షేత్రమే, తవ్వకాల్లో దొరికిన శిల్పాలు అక్కడే మ్యూజియంలో పెట్టారు. కృష్ణకు అవతలి ఒడ్డు కాబట్టి మాకు అటు చుట్టాలు తక్కువ, అందుకే ఇన్నాళ్ళూ దారి తెలియలేదు. పోయిన ఆదివారం రేపల్లె బస్టాండులో, పెనుమూడి వారధి దాటే బస్సు కండక్టరును అడిగాను.

"చల్లపల్లిలో దిగండమ్మా, అక్కణ్ణుంచి ఆటోలుంటాయి" అన్నాడు. టిక్కెట్టు మిషను నొక్కుతూ, "ఘంటసాలలో ఎవరింటికి?" అన్నాడు.

"ఎవరింటికీ కాదు బాబూ. ఊరు చూడ్డానికి."

అతను టిక్కెట్టు చింపి చేతికిచ్చి, కిటికీ పక్కన కూర్చున్న కుర్రాణ్ణి లేపాడు. "ఇలా కూర్చోండి, ఏరు బాగా కనబడుద్ది" అన్నాడు.