మధ్యాహ్నం మూడు గంటల షుగరు

మా చిన్నాయనకు లివరు మార్పిడి అయింది 2014లో, బెంగళూరులో. బళ్ళారిలో ఉన్న బంధువులందరూ గండం గడిచిందనే అనుకున్నారు. మూడో నెలలో షుగరు వచ్చింది. మా వంశంలో ఎవరికీ లేని జబ్బు. "లివరు మారిస్తే షుగరెట్ల వచ్చె?" అని అడగని చుట్టం లేడు.

మేము చదివింది కన్నడ మీడియం. బడిలో లివరును పిత్తజనకాంగ అనీ, ప్యాంక్రియాస్‌ను మేదోజీరక గ్రంథి అనీ నేర్చుకున్నాం. కాలేయం, క్లోమం అన్న తెలుగు మాటలు చిన్నాయన జబ్బుతోనే మా నోటికి వచ్చాయి.

ఆయన లివరును తినేసింది హెపటైటిస్ సి. 1990లలో ఒక యాక్సిడెంటు తర్వాత ఆయనకు రక్తం ఎక్కించారు. ఈ వైరసును గుర్తించిందే 1989లో. మన దేశపు బ్లడ్ బ్యాంకుల్లో దీని పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. జబ్బు ఆ రక్తంతోనే వచ్చిందని ఎవరూ తేల్చలేదు గానీ, వేరే దారి మాకైతే కనబడలేదు.

ఈ వైరసు లివరుతో ఆగదు, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకుండా చేస్తుంది. రక్తంలో మిగిలి ఉంటే కొత్త లివరునూ పట్టుకుంటుంది. పైగా ఆ లివరును ఒళ్ళు తోసెయ్యకుండా ఇచ్చే మందులున్నాయి. టాక్రోలిమస్ క్లోమంలో ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది, ప్రెడ్నిసొలోన్ ఉన్న ఇన్సులిన్‌ను సరిగా పనిచెయ్యనివ్వదు. చిన్నాయనకు ఈ మూడూ కూడినాయి.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఒక్క కేసు నడిపి పాస్ అంటే మేము ఒప్పుకోము. చిన్నాయనకు పరగడుపున 98, 102 వచ్చేది, ఇంట్లో అందరికీ నిమ్మళం. కానీ పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ షుగరును మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. ఆస్పత్రి సిస్టరమ్మ చెప్పిందని మధ్యాహ్నం మూడుకు చూస్తే 260! మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా, రక్తం ఎక్కించిన కొత్తలో, ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చట.

చిన్నమ్మ ఒకరోజు మెల్లగా అడిగింది. "ఆ మాత్రలు నిలిపేస్తే సక్కెర దిగుతాదంట కదప్పా, పక్కింటోళ్ళు చెప్పినారు."

నిలిపితే లివరే పోతుంది చిన్నమ్మా, అన్నాం. ఇదొక్కటి గట్టిగా రాస్తున్నాం: ఆ మాత్రల డోసు తగ్గించాల్సింది డాక్టరే, మనం కాదు. ఆయన స్టెరాయిడ్‌ను మెల్లమెల్లగా తగ్గించి, ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంట్లో ఉగ్గాని గిన్నె చిన్నదయింది. జొన్నరొట్టెకు షుగరు పెరగదని మా జేజి వాదన, మీటరు మాత్రం ఒప్పుకోలేదు.

2015లో సొఫోస్బువిర్ జెనరిక్ మాత్రలు మన దేశంలో దొరకసాగాయి. మరుసటి ఏడు చిన్నాయన కోర్సు ముగించాడు, వైరసు పోయింది. ఇన్సులిన్ కూడా తగ్గుతూ వచ్చి ఆగింది, మాత్రలు మిగిలాయి. 2018 నుంచి ప్రభుత్వ కార్యక్రమం కింద హెపటైటిస్ సి మందు ఉచితం. మీ ఇంట్లో 2001కి ముందు రక్తం ఎక్కించుకున్న పెద్దలుంటే, ఒక్కసారి పరీక్ష చేయించండి.

షుగరు నోటుబుక్కు ఇంకా చిన్నమ్మే రాస్తుంది, తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో. పోయిన వారం డాక్టరు దాన్ని తిరగేసి, మధ్యాహ్నం గళ్ళు ముందు చూశారు.